డబ్బా టీవీకి పీఎస్4, పీఎస్5, స్విచ్: బరంపురం కొట్లలో దొరికే హెచ్‌డీఎంఐ–ఏవీ కన్వర్టర్ ఏపాటిది?

బరంపురంలో గిరి రోడ్డు, పెద్ద బజారు వైపు ఎలక్ట్రానిక్స్ కొట్లలోనూ, పర్లాకిమిడి, గునుపురం, రాయగడ మొబైల్ షాపుల్లోనూ అరచేతిలో ఇమిడిపోయే నల్ల డబ్బా ఒకటి అమ్ముతారు. ఒక పక్క హెచ్‌డీఎంఐ సాకెట్టు, ఎదుటి పక్క పసుపు, తెలుపు, ఎరుపు జాక్‌లు, వాటితోపాటు సన్నని మినీ యూఎస్‌బీ రంధ్రం, గోటితో జరిపే బుల్లి స్విచ్చి. పీఎస్4, పీఎస్5, స్విచ్ లాంటి ఇప్పటి గేమ్ కన్సోళ్లకు ఈ మూడు రంగుల ఏవీ జాక్‌లు లేవు. ఇంట్లో ఇంకా నడుస్తున్న ఒనిడా, వీడియోకాన్ పిక్చర్ ట్యూబు టీవీకేమో హెచ్‌డీఎంఐ లేదు. ఈ రెండింటినీ కలిపేది ఆ డబ్బాయే. ధర మూడు నాలుగు వందల నుంచి ఆరేడు వందల దాకా ఉంటుంది. ఆ డబ్బుకు కొనదగిన వస్తువే. బొమ్మ రాలేదని, రంగు లేదని, మనుషులు సన్నగా సాగిపోయారని దీని మీద చెప్పే ఫిర్యాదుల్లో చాలావాటికి డబ్బా పాడవడం కారణం కాదు, సెట్టింగులే కారణం. అయితే ఎంత సరిచేసినా మారని లోపాలూ ఉన్నాయి. అవి తెలిసే కొనాలి.

కొట్లో ఊరికే 'హెచ్‌డీఎంఐ కన్వర్టర్' అని అడగొద్దు. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉండి, ఎదురు దిక్కులో పనిచేసేది ఇంకోటి ఉంది. అది పాత డీవీడీ ప్లేయరును కొత్త ఎల్ఈడీ టీవీకి కలిపేది. మీకు కావలసిన డబ్బా మీద 'హెచ్‌డీఎంఐ2ఏవీ' అని ఉండాలి. హెచ్‌డీఎంఐ సాకెట్టు దగ్గర 'ఇన్‌పుట్' అని, మూడు రంగుల దగ్గర 'అవుట్‌పుట్' అని ఉండాలి. తారుమారైన డబ్బాను ఎటు తిప్పి పెట్టినా లాభం లేదు, ఇవి ఒక దిక్కుకే పనిచేస్తాయి. చాలా డబ్బాల మీద 'అప్ స్కేలర్ 1080పీ', అంటే బొమ్మను 1080 గీతలకు పెంచేది, అని అచ్చు వేసి ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. ఇది చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకమైన పని. 1080 గీతల బొమ్మను 480కో 576కో కుదిస్తుంది.

ఒక కొసన హెచ్‌డీఎంఐ, ఇంకో కొసన మూడు రంగుల పిన్నులు ఉన్న ఉత్త వైరు కూడా అమ్ముతారు. చవగ్గా వస్తుందని దాన్ని మాత్రం తీసుకోవద్దు. హెచ్‌డీఎంఐలో నడిచేది డిజిటల్ సంకేతం, పసుపు పిన్ను అడిగేది అనలాగ్. మధ్యలో ఒక చిప్పు, ఆ చిప్పుకు కరెంటు లేనిదే ఒకటి ఇంకోటిగా మారదు. ఉత్త వైరు పెడితే నల్ల తెరే మిగులుతుంది.

కరెంటు సంగతి ముందు చూడాలి. డబ్బాకు 5 వోల్టులు, 1 ఆంపియరు కావాలి. మామూలు ఫోను ఛార్జరు చాలు, కన్సోల్ యూఎస్‌బీ నుంచి ఇచ్చినా నడుస్తుంది. వైరు మాత్రం మినీ యూఎస్‌బీది, ఫోన్ల మైక్రో యూఎస్‌బీ అందులో పట్టదు. హెచ్‌డీఎంఐ వైరులోనూ 5 వోల్టులు వస్తాయి గానీ, ప్రమాణం ప్రకారం కన్సోల్ అందులో హామీగా ఇచ్చేది 55 మిల్లీ ఆంపియర్లే. అందుకే యూఎస్‌బీ పెట్టకపోయినా ఒక్కోసారి లైటు వెలుగుతుంది, బొమ్మ కాసేపు కనబడి పోతుంది, మళ్లీ వస్తుంది. అలా జరిగితే డబ్బాను తిరిగిచ్చే ముందు ఛార్జరు పెట్టి చూడండి. ఆడుతున్నంతసేపూ డబ్బా గోరువెచ్చగా ఉండడం మామూలే. టీవీ వెనక గాలి ఆడని మూలలో మాత్రం దూర్చకండి.

కలిపేటప్పుడు టీవీ, కన్సోల్ రెండూ గోడ దగ్గరే ఆపండి, కేబుల్ టీవీ వైరును కూడా పీకేయండి. పీఎస్4 స్లిమ్, పీఎస్5 లాంటి వాటి కరెంటు వైరుకు ఎర్త్ ఉండదు. ప్లగ్గు పెట్టి ఉండగా పిన్నుల లోహం తాకితే సన్నగా జిల్లుమంటుంది, ఆ తేడా వోల్టేజీ డబ్బా చిప్పుకు మంచిది కాదు. ముందు పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు టీవీకి, తర్వాత హెచ్‌డీఎంఐ వైరు, తర్వాత డబ్బాకు కరెంటు, చివరికి టీవీ, కన్సోల్ వేయండి. టీవీని ఏవీలోకి మార్చాలి. ముందువైపు జాక్‌లు చాలా సెట్లలో ఏవీ2 అవుతాయి. రిమోటు పోయిన టీవీల్లో ఛానెల్ బటన్‌తో 1 నుంచి కిందికి దిగితే చాలావరకు 0 దగ్గర ఏవీ వస్తుంది. స్విచ్ కన్సోల్ అయితే డాక్‌కు, అంటే దాన్ని టీవీకి కలిపే స్టాండుకు, దానితో వచ్చిన అడాప్టరే పెట్టండి, మామూలు ఫోను ఛార్జరుతో డాక్ టీవీకి బొమ్మ ఇవ్వదు.

ఇప్పుడు ఆ బుల్లి స్విచ్చి సంగతి. ఒక వైపు పాల్, ఇంకో వైపు ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది. టీవీకి రంగుల బొమ్మ పంపే రెండు పద్ధతులవి. మన దేశపు ప్రసారం పాల్ కాబట్టి పాల్ పెట్టాలని కొట్టువాడు చెప్తాడు. టీవీ ప్రసారానికి అది నిజమే, గేమ్‌కు మాత్రం ముందు ఎన్‌టీఎస్‌సీ పెట్టి చూడండి. కన్సోల్ సెకనుకు 60 బొమ్మలు పంపుతుంది, ఎన్‌టీఎస్‌సీ కూడా 60 దగ్గరే నడుస్తుంది. పాల్ 50 దగ్గర నడుస్తుంది కాబట్టి డబ్బా ప్రతి ఆరు బొమ్మల్లో ఒకటి పారేయాలి. కెమెరా నిదానంగా పక్కకి తిరిగేటప్పుడు, బంతి బౌండరీ వైపు దొర్లేటప్పుడు ఆ కుదుపు కంటికి తగులుతూనే ఉంటుంది. పాల్‌లో గీతలు ఎక్కువే, 480 బదులు 576. అయినా ఆటలో కదలికే ముఖ్యం. ఎన్‌టీఎస్‌సీ పెట్టాక బొమ్మ నలుపు తెలుపుగా వస్తే టీవీ మెనూలో కలర్ సిస్టమ్‌ను ఆటో గానీ ఎన్‌టీఎస్‌సీ 3.58 గానీ చేయండి. అప్పటికీ రంగు రాకపోతే, లేదా బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంటే, ఆ టీవీ ఎన్‌టీఎస్‌సీని పట్టుకోలేదన్నమాట. అప్పుడు పాల్‌కి మార్చండి, కుదుపు భరించక తప్పదు.

తెర పూర్తిగా నల్లగా ఉండి, టీవీ మాత్రం ఏవీలోనే ఉంటే అనుమానించాల్సింది హెచ్‌డీసీపీని. కాపీ కొట్టకుండా పెట్టిన తాళం అది, కొన్ని చవక చిప్పులు దానికి జవాబివ్వలేవు. పీఎస్4లో సెట్టింగ్స్, సిస్టమ్‌లోకి వెళ్లి 'ఎనేబుల్ హెచ్‌డీసీపీ' తీసేయాలి. పీఎస్5లో సెట్టింగ్స్, సిస్టమ్, హెచ్‌డీఎంఐ కింద ఉంటుంది. తీసేశాక సినిమా యాప్‌లు తెరుచుకోవు, ఆటలకు అడ్డం లేదు. సెట్టింగ్స్‌లో ఉన్నప్పుడే బొమ్మ, తెర భాగంలోకి వెళ్లి హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా పెంచే మోడ్) ఆపేయండి, రిజల్యూషన్‌ను ఆటోమేటిక్ నుంచి తీసి 1080పీ గానీ 720పీ గానీ చేయండి. డబ్బా 4కే తీసుకోదు. పీఎస్4, స్విచ్‌లలో 480పీ కూడా ఉంది, అది పెడితే కుదించే పని కన్సోలే శుభ్రంగా చేస్తుంది, చాలా డబ్బాల్లో అక్షరాలు కాస్త తేరుకుంటాయి. ఇవన్నీ పక్కింటి ఎల్ఈడీ టీవీ దగ్గర ముందే చేసుకుని రావడం తేలిక. ఆ వీలు లేకపోతే పీఎస్4, పీఎస్5లలో కన్సోల్ ఆపి, పవర్ బటన్‌ను రెండో బీప్ వినబడేదాకా, అంటే ఏడు సెకన్లపాటు నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. అందులో రెండో వరుస బొమ్మ రిజల్యూషన్ మార్చేది. కంట్రోలరును యూఎస్‌బీ వైరుతో కలిపితేనే అక్కడ పనిచేస్తుంది.

మనుషులు సన్నగా, బండి చక్రాలు కోడిగుడ్డు ఆకారంలో కనబడడం డబ్బా నాణ్యతకు అసలు పరీక్ష. కన్సోల్ బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9, టీవీ తెరది 4:3. చవక డబ్బా మొత్తం బొమ్మను అడ్డంగా నొక్కి తెర నిండా నింపుతుంది. కొన్నింటికి 4:3, 16:9 అని రెండో స్విచ్చి ఉంటుంది. అది వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి ఆకారం కుదురుతుంది. రెండు వందలు ఎక్కువైనా ఆ స్విచ్చి ఉన్నదే కొనమంటాం. దాని ఖరీదు ఇంకోటి కూడా ఉంది. పట్టీలు పోగా 480 గీతల్లో 360 మాత్రమే బొమ్మకు మిగులుతాయి, ఉన్న స్పష్టతలో పావు వంతు పోతుంది.

అంతకన్నా మంచి దారి టీవీలోనే ఉంది. కొన్ని సోనీ వేగా సెట్లలో మెనూలోనే 16:9 మోడ్ ఉంటుంది. డబ్బాను తెర నిండే స్థితిలో వదిలి, టీవీని ఆ మోడ్‌లో పెడితే గీతలన్నీ దగ్గర దగ్గరగా జరిగి సన్నని పట్టీలోకి వస్తాయి. ఆకారం సరిగ్గా ఉంటుంది, ఒక్క గీతా పోదు. ఆ మోడ్ లేని సెట్లలో సర్వీసు మెనూలోని (మెకానిక్‌లు కోడ్‌తో తెరిచే మెనూ) నిలువు సైజును పావు వంతు తగ్గిస్తే అదే ఫలితం. కోడ్ తెలిసిన మెకానిక్ చేత చేయించి, పాత అంకెను కాగితం మీద రాసి పెట్టుకోండి, మళ్లీ సీరియళ్ల సమయానికి కావాలి. మూత విప్పి లోపలి సర్దుబాటు మరలు తిప్పే పని మాత్రం సొంతంగా వద్దు. రంగుల పిక్చర్ ట్యూబు యానోడ్ దగ్గర ఇరవై వేల వోల్టుల పైమాటే, ప్లగ్గు పీకాక కూడా అది నిలవ ఉంటుంది.

తెర అంచులను ట్యూబు కొంత మింగేస్తుంది కాబట్టి మూలల్లో ఉండే మ్యాపు, తూటాల లెక్క కనబడకపోవచ్చు. పీఎస్4లో డిస్‌ప్లే ఏరియా సెట్టింగ్స్, పీఎస్5లో అడ్జస్ట్ డిస్‌ప్లే ఏరియా, స్విచ్‌లో అడ్జస్ట్ స్క్రీన్ సైజ్, వీటితో లోపలికి జరుపుకోవచ్చు.

ఏం చేసినా మారనిది అక్షరం. ఇప్పటి ఆటల రాత 1080 గీతల తెరకు గీసింది. పసుపు వైరు ఒక్కదానిలోనే వెలుగూ రంగూ కలిసి ప్రయాణిస్తాయి, అందుకే ఎర్ర అక్షరం అంచులు పక్కకి కారినట్టుంటాయి, నిలువు అంచుల మీద చుక్కలు పాకుతుంటాయి. 21 అంగుళాల టీవీలో క్రికెట్ గేమ్ స్కోరుబోర్డు పెద్ద అంకె కనబడుతుంది, బౌలరు గణాంకాలు కనబడవు. సంభాషణలు చదువుతూ సాగే ఆటలకు, సామాన్ల జాబితాలు తిరగేసే ఆటలకు ఈ ఏర్పాటు పనికిరాదు. సబ్‌టైటిల్ సైజు 'లార్జ్' చేస్తే కొంత ఊరట. కుస్తీలు, కారు పందేలు, పక్కకి పరిగెత్తే బొమ్మల ఆటలు మాత్రం ఇందులో చక్కగా ఉంటాయి. ట్యూబు మీద కదిలే బొమ్మ ఎల్‌సీడీలో లాగ మసకబారదు, ఆ నునుపు చూసి తీరాలి. ట్యూబు తనంతట తాను ఆలస్యం చేయదు, డబ్బా చేసేది ఒకటి రెండు ఫ్రేములు, ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. పందేలకు అది తెలియదు, రెప్పపాటులో బటన్ నొక్కే కుస్తీల్లో ఆరితేరినవాళ్లకు తెలుస్తుంది.

శబ్దం రాకపోతే కన్సోల్‌లో ఆడియో ఫార్మాట్‌ను లీనియర్ పీసీఎం, రెండు ఛానెళ్లకు మార్చండి. డాల్బీ పంపితే డబ్బాకు విప్పడం రాదు. టీవీకి తెల్ల జాక్ ఒక్కటే ఉంటే ఎరుపు పిన్నును వదిలేయకండి, కుడి వైపు నుంచి వచ్చే అడుగుల చప్పుడంతా పోతుంది. రెండింటిని ఒకటి చేసే వై వైరు చవకే, టీవీ మెకానిక్‌ల దగ్గర ఉంటుంది.

గోపాలపురం, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి టీవీ జాక్‌లు పచ్చగా చిలుం పడతాయి. రంగు వచ్చి పోతుంటే, బొమ్మలో అడ్డ పట్టీలు నడుస్తుంటే, ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో జాక్ లోపలా బయటా తుడవండి. డబ్బాతో వచ్చే ఏవీ వైరు మరీ సన్నగా ఉంటే మార్చి, మీటరున్నరది మందపాటిది వేయండి.

మీ పాత టీవీ ట్యూబుది కాక తొలినాటి ఎల్‌సీడీ అయితే ఈ డబ్బా జోలికి పోవద్దు. వెనక వీజీఏ సాకెట్టు ఉంటే హెచ్‌డీఎంఐ టు వీజీఏ అడాప్టరు, దానికి 3.5 ఎంఎం ఆడియో రంధ్రం ఉన్నది తీసుకోండి, అక్షరాలు స్పష్టంగా చదవొచ్చు.

యాంటెన్నా సాకెట్టు తప్ప మరేం లేని టీవీకి మధ్యలో ఆర్‌ఎఫ్ మాడ్యులేటరు, అంటే ఏవీ సంకేతాన్ని యాంటెన్నా ఛానెల్‌గా మార్చే పెట్టె, కూడా కావాలి. ఇంట్లో పాత వీసీఆర్ ఉంటే అదే చాలు: డబ్బా పిన్నులు వీసీఆర్ ఏవీ ఇన్‌లోకి, వీసీఆర్ యాంటెన్నా అవుట్ టీవీకి. ఇక్కడ మాత్రం స్విచ్చి పాల్‌లోనే ఉండాలి. మాడ్యులేటరు విడిగా కొంటే అమెరికా కోసం చేసింది తీసుకోకండి. అందులో శబ్దం బొమ్మకు 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో వస్తుంది, మన టీవీ 5.5 దగ్గర వెతుకుతుంది, బొమ్మ వచ్చినా మాట వినబడదు. 'పాల్ బీ/జీ' అని రాసి ఉన్నదే అడిగి తీసుకోండి.