బ్యాటరీకి ముందు ఎండా, కరెంటా?

మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించామని తెలిసినప్పటి నుంచి చుట్టాలంతా అడిగేది ఒకటే: "ఇన్వర్టర్‌లో బ్యాటరీ నింపడానికి సోలార్ ముందు పెట్టాలా, కరెంటు ముందు పెట్టాలా?" మాది అనంతపురం, ఎండకు కొదవ లేదు. అందుకే నేనూ మొదట్లో పెద్దగా ఆలోచించకుండా 'సోలార్ మాత్రమే' (కరెంటుతో బ్యాటరీని అసలు నింపకుండా) పెట్టించేశాను. ఇప్పుడైతే అలా పెట్టమని చెప్పను.

కరెంటు ముందు పెడితే టెన్షన్ లేదు. తెల్లారేసరికి బ్యాటరీ నిండిపోయి ఉంటుంది. తీరా ఎండొచ్చాక నింపడానికి అందులో చోటుండదు. పగలు ఫ్రిజ్, ఫ్యాన్లు నడిచే ఇంట్లో ప్యానెళ్లకు ఆ పనైనా ఉంటుంది. పొద్దున్నే తాళం వేసి వెళ్లిపోయేవాళ్లకు అవి మేడ మీద అలంకారమే.

ఇక 'సోలార్ మాత్రమే' సంగతి. పోయిన ఆషాఢంలో వారం రోజులు ముసురు పట్టింది. ఒకరోజు రాత్రి కరెంటు పోయిన నలభై నిమిషాలకే ఇన్వర్టర్ కూతపెట్టి ఆగిపోయింది. మర్నాడు మూతలు తీసి హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం, అంటే గ్రావిటీ, చూపే గొట్టం) ముంచి చూశాను. మాది ట్యూబులర్ రకం లెడ్ యాసిడ్ బ్యాటరీ, నిండుగా ఉంటే గ్రావిటీ 1240 చూపాలి. ఐదు సెల్స్ 1190 దగ్గర ఉన్నాయి, ఒకటి 1160కి దిగిపోయింది.

లెడ్ యాసిడ్ బ్యాటరీకి చివరి 20 శాతం ఎక్కాలంటే ఆంపియర్లు పెంచితే చాలదు, గంటలు పడుతుంది. 80 శాతం దాటాక అది కరెంటును మెల్లమెల్లగానే తీసుకుంటుంది, ప్యానెళ్లు రెట్టింపు చేసినా అంతే. మబ్బు రోజున మధ్యాహ్నం మూడింటికి 80కి చేరితే, మిగతాది నిండేలోపు పొద్దు వాలిపోతుంది. రోజూ ఇలా సగం కడుపుతో పడుకోబెడితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ కరగదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. రోజూ సగం వాడి, నింపడంలో పోయేదీ కలుపుకుంటే 1.2 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా 'సోలార్ మాత్రమే'తో ఏడాదికి మిగిలేది 2,600 చిల్లరే. 15 వేలు పెట్టి కొన్న బ్యాటరీ ఐదేళ్లు రావాల్సింది రెండేళ్లకే పోతే, ఏడాదికి 3 వేలు పడాల్సిన ఖర్చు 7,500 అవుతుంది.

అందుకే నా ఓటు 'సోలార్ ముందు, తర్వాత కరెంటు'కి. ఎండ లేనప్పుడు మాత్రమే కరెంటు నింపుతుంది. మార్చి నుంచి మే దాకా 'సోలార్ మాత్రమే'కి మారుస్తాను, వానలు మొదలవగానే వెనక్కి తెస్తాను. ఏడాదికి రెండుసార్లు మెనూలో బటన్లు నొక్కడమే పని.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. సగం నిండినా దానికి ఏమీ కాదు. నిశ్చింతగా సోలార్ మాత్రమే పెట్టుకోవచ్చు. నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటును లైనుకు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) ఉండి బ్యాటరీ లేనివాళ్లకు అసలు ఈ ప్రశ్నే రాదు. కాకపోతే కరెంటు పోతే ఎంత ఎండ ఉన్నా వాళ్ల సోలార్ కూడా ఆగిపోతుంది.

గాలిమర పెడితే ఎలా ఉంటుందని మా బావ అడిగాడు. ఆషాఢంలో ఎండ తగ్గినప్పుడే మా వైపు గాలి జోరు, జత బాగానే కుదిరినట్టు కనిపిస్తుంది. కానీ గాలి వేగం సగమైతే వచ్చే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నీళ్ల ట్యాంకులు, పక్క మేడల మధ్య గాలి సుడులు తిరుగుతుంది తప్ప నిలకడగా రాదు. పైగా బ్యాటరీ నిండాక ప్యానెల్‌ను ఊరికే ఆపేయొచ్చు, గాలిమరకు మాత్రం ఆ కరెంటును ఖర్చు పెట్టే హీటర్ లాంటిదేదో ఉండాలి. పొలంలో ఎత్తైన స్తంభం ఉంటే చూడు బావా, మేడ మీద వద్దన్నాను.

మొన్న ఆదివారం మళ్లీ గ్రావిటీ చూశాను. ఐదు సెల్స్ 1240కి వచ్చాయి. ఆ ఆరోది మాత్రం 1215 దాటడం లేదు.