1850లో వచ్చిన మూడు కావ్యాలు: ఒక్కటే చదివే ఓపికుంటే ఏది మేలు?

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లిష్ కవిత్వం ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను 1850 అంటాను. ఆ ఒక్క ఏడాదిలోనే టెన్నిసన్ ‘ఇన్ మెమోరియమ్’, వర్డ్స్‌వర్త్ ‘ది ప్రెల్యూడ్’, ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ ‘సానెట్స్ ఫ్రమ్ ది పోర్చుగీస్’ అచ్చయ్యాయి. తమాషా ఏంటంటే మూడూ ఏళ్ల తరబడి సొరుగులో ఉన్నవే, మూడింట్లోనూ కవి పాఠకుడికి మొహం చాటేసినట్టే ఉంటుంది. టెన్నిసన్ పుస్తకం మీద పేరు వేసుకోలేదు. వర్డ్స్‌వర్త్ ఏప్రిల్ 23న పోతే ఆయన కావ్యం జూలైలో వచ్చింది. ఎలిజబెత్ అయితే తన సొంత ప్రేమకవితలకి ఎక్కడి నుంచో అనువదించినట్టు వినిపించే పేరు తగిలించింది. కాబట్టి నేను చూసేది ఒకటే: సొరుగులో ఉన్నన్నాళ్లలో ఏది బాగా ఊరింది, ఏది బూజు పట్టింది?

బూజు సంగతి ముందు చెప్పేస్తాను, వర్డ్స్‌వర్త్ అభిమానులు తిట్టుకున్నా సరే. ‘ప్రెల్యూడ్’ 1798లో మొదలై 1805 నాటికి 13 భాగాలుగా పూర్తయింది. దానికి ఆయన పేరైనా పెట్టలేదు, తన స్నేహితుడైన కవి కోల్‌రిడ్జ్‌కి రాసిన కవిత అనేవాడు, ఇప్పుడున్న పేరు ఆయన పోయాక భార్య మేరీ పెట్టింది. ఆ తర్వాత ఆయన దాన్ని దిద్దుతూ దిద్దుతూ ముసలివాడయ్యాడు. ఫ్రెంచి విప్లవం చూసి ‘ఆ తెల్లవారుజామున బతికుండటమే ఆనందం’ అన్న మనిషే, అదే విప్లవాన్ని దుమ్మెత్తిపోసిన రాజకీయ నాయకుడు ఎడ్మండ్ బర్క్‌ని పొగుడుతూ తర్వాత పంక్తులు చేర్చాడు. 1850లో 14 భాగాలుగా జనం చేతికొచ్చింది ఈ దిద్దిన ప్రతే. కుర్రాడు రాత్రిపూట పడవ దొంగిలించి చెరువులోకి పోతుంటే కొండ లేచి వెంటపడినట్టుండే ఘట్టం ఏ ప్రతిలో చదివినా ఒళ్లు జలదరిస్తుంది, అది వేరే సంగతి.

ఎలిజబెత్ సానెట్లు (పద్నాలుగేసి పంక్తుల కవితలు) 44. 1845–46లో, తర్వాత తాను పెళ్లాడిన కవి రాబర్ట్ బ్రౌనింగ్‌తో రహస్యంగా ఉత్తరాలు నడుస్తున్న రోజుల్లో రాసింది. చదవడానికి మూడింట్లో ఇవే తేలిక, ఒక సాయంత్రం చాలు. అందరికీ తెలిసింది నిన్నెంతగా ప్రేమిస్తున్నానో లెక్కపెట్టనీ అనే 43వది, కానీ నాకు మొదటిదే ఎక్కువ ఇష్టం. వెనక నుంచి ఏదో నీడ వచ్చి జుట్టు పట్టి లాగి ఎవరో చెప్పుకోమంటుంది, ఆవిడ ‘మృత్యువు’ అంటుంది, కాదు ప్రేమ అని జవాబొస్తుంది. నలభైకి చేరువై, జబ్బుతో గది దాటని మనిషి రాసిందని గుర్తుంటే ఆ జవాబు ఇంకోలా వినిపిస్తుంది. అయితే అన్నీ వరసపెట్టి చదివితే నేను నీకు తగను అన్న మాటే తిరిగి తిరిగి వచ్చి కాస్త విసుగనిపిస్తుంది. (1847 నాటి తొలి ముద్రణ అంటూ ఒకటి చాలాకాలం చలామణి అయింది, అది దొంగ ప్రతి అని 1934లో బయటపడింది.)

ఇక ‘ఇన్ మెమోరియమ్’. టెన్నిసన్ స్నేహితుడు ఆర్థర్ హాలమ్ 1833లో వియన్నాలో 22 ఏళ్లకే చనిపోయాడు. ఆ దుఃఖం మీద పదిహేడేళ్లపాటు ముక్కలు ముక్కలుగా రాసుకున్నవే ఈ 131 ఖండికలు, ముందొకటి వెనకొకటి అదనం. ఇక్కడ ఆలస్యం మేలే చేసింది, ఎందుకంటే దుఃఖం ఒక్కరోజులో ఒక్కలా ఉండదు. ఈ కావ్యంలో క్రిస్మస్ మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ ఇంట్లో వాతావరణం వేరు. మధ్యలో ఆయనకి దేవుడి మీద గురి సడలుతుంది, రాళ్లలో మిగిలిన శిలాజాలు చూసి, ప్రకృతికి మనిషైనా ఒకటే జంతువైనా ఒకటేనా అని వణుకుతాడు. జీవపరిణామం మీద డార్విన్ పుస్తకం రావడానికి ఇంకా తొమ్మిదేళ్లుంది! భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి ఓదార్పు వెతుక్కున్నది కూడా ఇందులోనే.

లోపాలు లేవని కాదు. చివర్లో పెళ్లి పాట అతికించినట్టుంటుంది, నాలుగు పాదాల అదే చరణం వందల సార్లు వస్తే జోగొస్తుంది కూడా. అయినా నా ఓటు దీనికే. రాజాస్థాన కవి పదవికి ఒక పత్రిక ఎలిజబెత్ పేరు సూచించినా, వర్డ్స్‌వర్త్ ఖాళీ చేసిన ఆ కుర్చీ నవంబర్‌లో టెన్నిసన్‌కే దక్కింది. ఆ విషయంలో నాకు పేచీ లేదు.

మొదటి పేజీ నుంచి పట్టుకోవద్దు, ఏడో ఖండికతో మొదలుపెట్టండి. పన్నెండే పంక్తులు. నిద్రపట్టక తెల్లవారకముందే స్నేహితుడి ఇంటి తలుపు దగ్గర నిలబడతాడు, లోపల అతను లేడు, వాన జల్లులో వీధి తెల్లారుతుంది. ఆ వీధి లండన్ వింపోల్ స్ట్రీట్. ఎలిజబెత్ సానెట్లు రాసుకున్న ఇల్లు కూడా అదే వీధిలో, కొద్ది గుమ్మాల అవతల.

ఇంత చెప్పినా లేదు, ‘ప్రెల్యూడే’ కావాలంటారా, కొనేముందు అట్ట మీద 1805 అని ఉందో లేదో చూసుకోండి. ఆ పాత ప్రతి 1926లో గానీ అచ్చుకి రాలేదు.