మార్తా అవ్వ పండక్కి బల్గేరియాలో ఎక్కడ దిగాలి?

మార్చి ఒకటిన, మార్తా అవ్వ పండగనాడు, బల్గేరియాలో ఊరంతా చేతులకు ఎర్ర, తెల్ల దారాలతో కనిపిస్తుంది. ఈ దారాలను మార్తెనిత్సా అంటారు. ఈ వేడుక చూడాలనుకుంటే రాజధాని సోఫియాలో ఒక పూట చాలు, మకాం ప్లోవ్‌దివ్‌లో పెట్టండి.

సోఫియా విమానాశ్రయం రెండో టెర్మినల్ నుంచే మెట్రో ఉంది, టాక్సీ బేరాలతో పనిలేదు. వితోషా వీధిలో వరసగా దారాల దుకాణాలు పెట్టారు గానీ, చాలావాటిలో అదే సరుకు, అవే ప్లాస్టిక్ పూసలు.

అక్కడి నుంచి బస్సులో రెండు గంటలు. ప్లోవ్‌దివ్ బజారులో ఒక పెద్దావిడ నా ఎదుటే దారం పేనింది. ఎర్ర ఉన్ని, తెల్ల ఉన్ని జతచేసి, ఒక కొస పంటితో పట్టుకుని, రెండో కొసను గట్టిగా మెలిపెట్టి, మధ్యకు మడిచి వదిలింది. దారం దానంతటదే చుట్టుకుంది! దాన్ని నా ఎడమ చేతికి కట్టి "చెస్తితా బాబా మార్తా" అంది. బాబా మార్తా అంటే మార్తా అవ్వ, మార్చి నెలకు అక్కడివాళ్లు ఇచ్చిన రూపం. ఆ అవ్వ నవ్వితే ఎండ, అలిగితే చలి. నిజంగానే పొద్దున ఎండ కాస్తే సాయంత్రానికి మంచు పడింది, మంచి కోటు తప్పనిసరి.

ఎవరి దారం వాళ్లు కొనుక్కుని కట్టుకోరు, ఒకరికొకరు కట్టుకుంటారు. అందుకే కొన్ని ఎక్కువే కొనండి. హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయికి నేనొకటి కడితే ఆమె వెంటనే నాకొకటి కట్టింది. మా తోరాలు గుర్తొచ్చి ఎంత సంతోషమేసిందో.

పాత ఊళ్లోని ఇళ్లు కన్నుల పండగే. 1847లో కట్టిన భవనంలోని ఎథ్నోగ్రఫీ మ్యూజియం తప్పక చూడండి. బస మాత్రం అక్కడ వద్దు. రాళ్లు పరిచిన ఎత్తు వీధుల్లో సూట్‌కేస్ లాగలేం. మా గదిలో హీటర్ పనిచేయలేదు, అడిగితే రగ్గు ఇచ్చి ఊరుకున్నారు. కపానా అనే పేట దగ్గరికి మారాక అన్నీ కుదిరాయి.

శాకాహారులకు టెన్షన్ అక్కర్లేదు. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో "పోస్ట్‌నో" అని అడిగితే మాంసం, పాలు, గుడ్లు లేని వంటకాలు పెడతారు. చిక్కుడుగింజల సూప్ అద్భుతం. 2025 నుంచి షెంగెన్ వీసాయే (ఐరోపాలో చాలా దేశాలకు కలిపి చెల్లేది) సరిపోతుంది, 2026 నుంచి చెల్లేది యూరోలే.

కొంగో, వాన కోయిలో, పూసిన చెట్టో కనబడేదాకా దారం తీయరు. తీశాక చెట్టు కొమ్మకు కట్టేస్తారు. అది కూడా చూడాలంటే మార్చి మూడో తేదీ జాతీయ సెలవు కాగానే తిరుగు టికెట్ వేయించుకోకండి, నెల మధ్యదాకా ఉండండి.