నిలబడిన గీత, పడుకున్న గీత: మూడేళ్ల తరువాత నా జీ07 మానిటర్

డాలస్ శివార్లలోని మా ఇంటి గ్యారేజీలో ఒక పాత మిజ్ పాక్‌మ్యాన్ యంత్రం ఉంది. 1982 నాటి మిడ్‌వే ఆట అది. దాని లోపలున్నది ఎలక్ట్రోహోమ్ జీ07 అనే 19 అంగుళాల రంగుల మానిటర్, కెనడాలోని కిచెనర్‌కు చెందిన కంపెనీది. మూడేళ్ల కిందట దాని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లన్నీ (విద్యుత్తును కాసేపు నిలవ చేసే, లోపల ద్రవం ఉండే భాగాలు) ఒక కిట్టు కొని మార్చాను. ఆ కిట్టు ఎలా ఉంది, మార్చాక మానిటర్ ఎలా నడుస్తోంది, మధ్యలో ఎన్ని తిప్పలు పెట్టింది అన్నదే ఈ సమీక్ష. తిప్పల్లో ముప్పావు వంతు నేను చేజేతులా తెచ్చుకున్నవని ముందే ఒప్పుకుంటున్నాను. (కెపాసిటర్ అనాలని తెలుసు. విజయవాడలో టీవీ రిపేరు దుకాణం ఎదుట పెరిగినవాణ్ణి, నా నోటికి కండెన్సర్ అనే వస్తుంది.)

మార్చాల్సిన అవసరం ఎందుకు వచ్చిందంటే, బొమ్మ అంచులు వంకర తిరిగేవి, రంగులు వెలిసినట్టు ఉండేవి, ఆన్ చేసిన పది నిమిషాల వరకు బొమ్మ కుదురుకునేది కాదు. ఇవన్నీ లోపలి ద్రవం ఎండిపోయిన కండెన్సర్ల లక్షణాలే. నలభై ఏళ్లు వేడిలో ఉన్న వస్తువు ఎండిపోకపోతేనే ఆశ్చర్యపోవాలి.

కిట్టు విషయం త్వరగా ముగిస్తాను. అన్నీ 105 డిగ్రీల వేడిని ఓర్చుకునే రకమే ఇచ్చారు. విలువలు సరిపోయాయి. కొన్నింటి మీద పాతవాటికంటే ఎక్కువ వోల్టేజీ రాసి ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. అది ఓర్చుకోగల గరిష్ఠం మాత్రమే. ఇబ్బంది పరిమాణంలో వచ్చింది. కొత్తవి పాతవాటిలో సగం లావు కూడా లేవు. కాళ్ల మధ్య దూరం బోర్డు మీది రంధ్రాలకు సరిపోదు. నేను కాళ్లను బలవంతంగా విడదీసి గుచ్చాను. ఆ బలవంతానికి మూల్యం తరువాత చెల్లించాను.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు తప్పవు. పిక్చర్ ట్యూబుకు హై వోల్టేజీ అందే ఆనోడ్ దగ్గర ఇరవై వేల వోల్టుల స్థాయిలో విద్యుత్తు నిలవ ఉంటుంది, స్విచ్ ఆపి చాలాసేపైనా పోకపోవచ్చు. స్క్రూడ్రైవర్‌కు తీగ కట్టి, ఆ తీగ రెండో కొసను ట్యూబు వెనకాల పరిచిన అల్లిక తీగకు బిగించి, ఆనోడ్ రబ్బరు టోపీ కిందకు నెమ్మదిగా జొనిపి డిశ్చార్జి చేయాలి. ఒకసారి చేసి ఊరుకోకుండా కాసేపాగి మళ్లీ చేయాలి. రెండోది, జీ07 ఛాసిస్ నేరుగా మెయిన్స్‌తో ముడిపడి ఉంటుంది. క్యాబినెట్ అడుగున ఉన్న, మెయిన్స్ నుంచి మానిటర్‌ను వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దీన్ని గోడ ప్లగ్గుకు తగిలించకూడదు. అలా తగిలిస్తే మానిటర్‌కూ ప్రమాదమే, మీకూ ప్రమాదమే.

మా వీధి మెకానిక్ గారి దుకాణంలో ఏ సెట్టు రిపేరయినా ముందు సిరీస్ బల్బు మీద (కరెంటు దారిలో వరుసగా కలిపిన బల్బు, షార్టు ఉంటే అదే వెలుగుతూ ఉంటుంది) ఆన్ చేసేవారు. నేనూ అదే చేశాను. బల్బు ఒక్కసారి భగ్గుమని మసకబారింది, అంటే షార్టు లేదు. బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చాను. ట్యూబు మెడలో నారింజ వెలుగు వచ్చింది, తెర మీద సన్నగా చిటపట వినిపించింది. ఆ తరువాత తెర నడిమధ్యన పై నుంచి కిందకు తెల్లటి గీత ఒక్కటి నిలబడింది. ఆట లేదు, బొమ్మ లేదు, ఆ గీత ఒక్కటే.

బొమ్మ కుడి ఎడమలకు పరుచుకోవడం లేదు కాబట్టి బొమ్మను అడ్డంగా పరిచే హారిజాంటల్ భాగం పోయిందని తేల్చేశాను. రెండు సాయంత్రాలు ఆ వైపే తవ్వాను. ఫ్లైబ్యాక్ అనే ట్రాన్స్‌ఫార్మర్ కాళ్లన్నీ మళ్లీ అతికించాను. అక్కడి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ 2ఎస్‌డీ870 కొత్తది తెప్పించి వేశాను. బీ ప్లస్, అంటే సర్క్యూట్లను నడిపే ముఖ్య డీసీ వోల్టేజీ, కొలిస్తే ఈ మానిటర్‌కు ఉండాల్సిన 120 వోల్టులు చక్కగా ఉన్నాయి. గీత మాత్రం అలాగే నిలబడి ఉంది.

మూడో రోజు విసిగిపోయి, వంగి వంగి నడుము పట్టేయడంతో మానిటర్‌ను క్యాబినెట్ నుంచి బయటకు తీసి, తీగలు పొడిగించి బల్ల మీద పెట్టాను. బల్ల మీద అది మామూలు టీవీలా అడ్డంగా కూర్చుంది. ఆన్ చేయగానే గీత పడుకుని కనిపించింది. అప్పుడు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. మా చిన్నప్పుడు తెర మీద అడ్డగీత కనిపిస్తే వీధిలో పిల్లలకు కూడా తెలుసు, ఫ్రేము, అంటే బొమ్మను నిలువుగా పరిచే వెర్టికల్ భాగం, పోయిందని. పాక్‌మ్యాన్ కుటుంబపు ఆటల్లో బొమ్మ నిలువుగా ఉంటుంది, 224 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. అందుకని మానిటర్‌ను తొంభై డిగ్రీలు పక్కకు తిప్పి బిగిస్తారు. మానిటర్‌కు వెర్టికల్ అయినది ఆడేవాడికి కుడి ఎడమ. నేను ఆడేవాడి కళ్లతో చూసి మానిటర్ రోగం చెప్పాను.

అసలు గీత వెలిగిందంటేనే హారిజాంటల్ భాగం బతికి ఉందన్న అనుమానం రావాల్సింది. ట్యూబుకు హై వోల్టేజీ తయారయ్యేది ఆ భాగంలోని ఫ్లైబ్యాక్ ద్వారానే. అది చచ్చిపోయి ఉంటే తెర చీకటిగా ఉండేది. మీకూ ఇలాంటి గీత కనిపిస్తే వెంటనే వెలుగు తగ్గించండి. ఎలక్ట్రాన్ల ధార అంతా ఒకే చోట పడి, తెర లోపలి వెలిగే ఫాస్ఫరు పూత శాశ్వతంగా మాడిపోతుంది.

ఇక వెర్టికల్ భాగంలో నేను మార్చిన కండెన్సర్లను మాత్రమే చూడటం మొదలుపెట్టాను. అంతకు ముందు పనిచేసిన ట్రాన్సిస్టర్లూ నిరోధకాలూ సరిగ్గా నేను కండెన్సర్లు మార్చిన సాయంత్రమే పోయాయంటే నమ్మడం కష్టం. మొదట సోల్డర్ చూశాను, అన్నీ తళతళలాడుతున్నాయి. మల్టీమీటర్‌తో కాలుకూ దాని సోల్డర్ చుక్కకూ మధ్య కొలిచాను, అన్నీ బీప్ అన్నాయి. అలా కొలవడం దండగ అని తరువాత అర్థమైంది. కాలు నుంచి ఆ రాగి దారి వెళ్లి చేరే తరువాతి భాగం వరకు కొలవాలి. అలా కొలిచినప్పుడు ఒక కాలు దగ్గర మీటరు మూగబోయింది. నేను బలవంతంగా గుచ్చిన కాళ్లలో అది ఒకటి. కాలు లాగినప్పుడో, పాత సోల్డర్ పీల్చేటప్పుడు ఎక్కువసేపు వేడి పెట్టినప్పుడో, ఒంటి పొర బోర్డు మీది రాగి చిన్న ఉంగరంలా తెగి పైకి లేచింది. సోల్డర్ ఆ ఉంగరాన్నే అందంగా పట్టుకుని ఉంది, దారితో దానికి సంబంధం లేదు. అంగుళం తీగ ముక్కతో జోడించాను. బొమ్మ తెరుచుకుంది. ఆ తీగ ముక్క ఖరీదు ఎంతో, నేను అనవసరంగా కొన్న ట్రాన్సిస్టర్ ఖరీదు ఎంతో లెక్క వేయలేదు.

బొమ్మ వచ్చింది కానీ దాని మీద ఏటవాలుగా సన్నని తెల్ల గీతలు. ఇది రోగం కాదు. పాత యజమాని బొమ్మ మసకబారిందని మొత్తం వెలుగును పెంచే స్క్రీన్ నాబ్ పూర్తిగా పెంచేసి ఉంటాడు. ఇప్పుడు అంత అవసరం లేదు. ఫ్లైబ్యాక్ మీది నాబ్‌ను కాస్త తగ్గిస్తే గీతలు పోయాయి, నలుపు నలుపుగా మారింది.

తరువాత ఎనిమిది నెలలు హాయిగా నడిచింది. అప్పుడు మరో వింత. మసక పట్టీలు రెండు నిలువుగా నిలబడి, తెర మీద పక్కకు పాకుతూ పోతున్నాయి, అవి పోయే చోట చిక్కుదారి గోడలు కాస్త మెలి తిరుగుతున్నాయి. ఈసారి ఆడేవాడి కళ్లతో చూడలేదు. బీ ప్లస్ దగ్గర ఏసీ వోల్టులు కొలిస్తే రిపుల్, అంటే డీసీలో మిగిలిపోయిన ఏసీ అల, బాగా పెరిగి ఉంది. ఈ ఆట సెకనుకు 60.6 చిత్రాలు చూపుతుంది, ఇక్కడి మెయిన్స్ 60 హెర్ట్జ్. ఆ చిన్న తేడా వల్లే పట్టీ ఒకచోట నిలవకుండా నడుస్తుంది. నేరస్థుడు ఆ అలను చదును చేసే పెద్ద ఫిల్టర్ కండెన్సర్. కిట్టులో అది లేదు, విడిగా కొనాలి. అమ్మినవారు ఆ మాటను వివరాల చివరన రాశారు; నేను చదవలేదు. కొత్తది వేశాక పట్టీలు మళ్లీ కనిపించలేదు.

మూడేళ్ల వాడకం అంటే వారాంతాల్లో రెండు మూడు గంటలు, పిల్లల స్నేహితులు వస్తే రోజంతా. బీ ప్లస్ ఏడాదికొకసారి కొలుస్తాను, 120 దగ్గరే నిలబడింది. చలికాలంలో గ్యారేజీ చల్లబడితే బొమ్మను పక్కకు జారకుండా నిలిపే హారిజాంటల్ హోల్డ్ నాబ్‌ను ఒక్క రవ్వ తిప్పాలి, ఇరవై నిమిషాల్లో వేడెక్కి సర్దుకుంటుంది. రంగులు మెడ బోర్డు మీద ఒకసారి సరిచేశాను, మళ్లీ ముట్టలేదు. కనెక్టర్ కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు) వల్ల ఒకసారి బొమ్మ మిణుకుమంది. కిట్టు వేసే రోజే ఆ కాళ్లన్నీ మళ్లీ అతికించుకోవాల్సింది.

ఇక కిట్టు చేయలేని పని ఒకటుంది. ఎర్ర రంగు ఇప్పటికీ నీరసమే, ట్యూబు అరిగితే కండెన్సర్లేం చేస్తాయి? యంత్రం ఆపినా తెర మీద చిక్కుదారి నీడ అలాగే కనిపిస్తుంది, ఎన్నో ఏళ్లు ఒకే బొమ్మ చూపి మాడిన ముద్ర అది.

కిట్టుకు అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి ఫిల్టర్ కండెన్సర్ కోసం. నా సోల్డరింగ్‌కు రెండు. మా అమ్మాయి ఆటలో నన్ను మించిపోయింది, ఆ నీడ ముద్ర ఆనవాళ్లతో యంత్రం ఆపి ఉన్నప్పుడు కూడా దారులు సాధన చేస్తుంది.