కుర్చీ ఎక్కడానికి ఏ గుమ్మం మేలు: ఓటర్ల సభా, పెద్దల సభా?

రాజ్యసభ నుంచో మండలి నుంచో వచ్చి పెద్ద పదవి ఎక్కితే చాలు, మన దగ్గర 'దొడ్డిదారి' అనే మాట సిద్ధంగా ఉంటుంది. రాజ్యాంగం మాత్రం అలా చూడదు. ఏ సభలోనూ లేనివాళ్లు కూడా ప్రధానో ముఖ్యమంత్రో కావచ్చు, ఆరు నెలల్లో రెండింటిలో ఏదో ఒక సభకు ఎన్నికైతే సరిపోతుంది. చట్టం లెక్కలో రెండు గుమ్మాలూ ఒకటే. లోపలికి వెళ్లి కూర్చున్నాకే తేడా తెలుస్తుంది.

పీవీ సంగతే చూడండి. 1991 ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు, ఢిల్లీలో సామాను సర్దుకుంటున్న మనిషి. రాజీవ్ హత్య తర్వాత జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఏ సభలోనూ సభ్యుడు కాదు. రాజ్యసభకు వెళ్తే ఎండలో తిరిగే పని ఉండదు. అయినా ఆయన నంద్యాలకు వచ్చారు. గంగుల ప్రతాపరెడ్డి సీటు ఖాళీ చేసిచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అభ్యర్థినే పెట్టలేదు. మెజారిటీ 5.8 లక్షలు దాటింది. గట్టి పోటీ లేని ఎన్నికలో మెజారిటీ గొప్పేముంది అంటారా? ఉంది. మైనారిటీ ప్రభుత్వం, సొంత పార్టీలోనే కుర్చీ మీద కన్నేసిన ఉద్దండులు. అలాంటి చోట జనం వేసిన ఓటు చేతిలో ఉండటం వేరు. 1993 జులైలో అవిశ్వాసం 251–265తో వీగిపోయింది. ఆ ఓట్లలో కొన్ని ఎలా వచ్చాయన్నది కోర్టుల దాకా వెళ్లిన కథ, అది వేరే సంగతి.

మన్మోహన్‌ది రెండో గుమ్మం. 1999లో దక్షిణ ఢిల్లీలో విజయ్ కుమార్ మల్హోత్రా చేతిలో ఓడాక మళ్లీ లోక్‌సభ జోలికి పోలేదు. గువాహటిలో ఒక అద్దె ఇంటి చిరునామాతో అస్సాం రాజ్యసభ సభ్యుడిగానే పదేళ్లు ప్రధానిగా ఉన్నారు. 2008 జులైలో అణు ఒప్పందం మీద విశ్వాస పరీక్ష వచ్చింది. 275–256తో నెగ్గారు. జైల్లో ఉన్న ఎంపీలు సైతం కోర్టు అనుమతితో వచ్చి ఓటేశారు. ప్రధాని వేయలేకపోయారు, ఆయన ఆ సభ సభ్యుడు కాదు మరి! ఆయన పాలన బాగుందా లేదా అన్నది కాదు నా ప్రశ్న. తన ప్రభుత్వం బతుకుతుందో లేదో తేలే సభలో ప్రధానికే ఓటు లేకపోవడం నాకు మింగుడుపడదు.

మన రాష్ట్రానికి వస్తే లెక్క ఇంత తేలిగ్గా తెగదు. 2009 సెప్టెంబరులో వైఎస్ మరణం తర్వాత రోశయ్య ముఖ్యమంత్రి అయ్యారు. ఎమ్మెల్సీ. లెక్కల్లో ఆయన్ని మించినవాళ్లు అప్పట్లో లేరు. కానీ ఎమ్మెల్యేలలో చాలామంది మనసు అప్పటికే జగన్ వైపు ఉంది, ఈయన వెనక నిలబడే వర్గమంటూ లేదు. పధ్నాలుగు నెలలకే దిగిపోయారు. 'చూశారా, మండలి దారి బలహీనం' అనడానికి నోరు తెరిచేలోపే కిరణ్ కుమార్ రెడ్డి అడ్డొస్తారు. ఆయన పీలేరు ఎమ్మెల్యే, పైగా అంతకుముందు స్పీకర్. అయినా ఢిల్లీ తేల్చుకున్న విభజనను ఆపలేక 2014 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. సీల్డు కవర్‌లో వచ్చిన పదవికి నియోజకవర్గం ఉన్నా లేకున్నా ఒకటే అనిపిస్తుంది.

మరి ఎమ్మెల్యేగా ఉంటే ఒరిగేదేమిటి? పొద్దున్నే ఎమ్మెల్యే ఇంటి వరండా చూసినవాళ్లకు తెలుస్తుంది. ఆగిపోయిన పింఛను కాగితం పట్టుకున్న ముసలమ్మ, బదిలీ సిఫార్సు కోసం వచ్చిన టీచరు, సీఎం రిలీఫ్ ఫండ్ చెక్కు ఎప్పుడొస్తుందని అడిగే కుర్రాడు. పెళ్లికి రాకపోతే ఒకరికి కోపం, దినానికి రాకపోతే ఇంకొకరికి. ఈ గోల భరించలేకే కొందరు మండలి కావాలంటారు. ముఖ్యమంత్రికి మాత్రం ఆ గోల చెవిన పడాలి. అధికారుల ఫైలులో 'పంపిణీ పూర్తి' అని ఉన్న పింఛను అందలేదని ఆయనకు చెప్పేది ఆ ముసలమ్మే.

మంత్రుల విషయంలో నాకీ పట్టింపు లేదు. 1991లో ఆర్థిక మంత్రిగా మన్మోహన్‌కు వార్డుల్లో తిరిగే పని పెట్టి ఉంటే నష్టం దేశానికే. నిర్మలా సీతారామన్ 2014లో రాజ్యసభకు మొదట వెళ్లింది ఆంధ్రప్రదేశ్ నుంచే, జైశంకర్ గుజరాత్ నుంచి. శాఖ తెలిసినవాళ్లు పెద్దల సభ నుంచి రావడమే మేలు. ప్రధాని, ముఖ్యమంత్రి మాత్రం ఓటర్ల సభ నుంచే రావాలి. ముందు కుర్చీ ఎక్కినా ఫరవాలేదు, వెంటనే ఉప ఎన్నికకు వెళ్లాలి. 2021లో బెంగాల్‌లో నందిగ్రామ్‌లో ఓడినా ముఖ్యమంత్రి కుర్చీ ఎక్కిన మమత, ఆ తర్వాత భవానీపూర్ ఉప ఎన్నికలో 58 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచి వచ్చారు.

ఈ దారికీ ఖరీదు ఉంది. ఎవరో ఒకరు సీటు ఖాళీ చేయాలి, అక్కడివాళ్లు మళ్లీ లైన్లో నిలబడాలి. 1996లో పీవీ నంద్యాలలోనూ ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచారు. బరంపురం ఉంచుకుని నంద్యాల వదిలేశారు. అన్ని లక్షల మెజారిటీ ఇచ్చిన ఊళ్లకు మళ్లీ ఉప ఎన్నికే దక్కింది.