మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ: వాడి చూశాక నా మాట

పాకే వయసు బాబు, తడి చేతులతోనే స్విచ్ వేసే అత్తయ్య ఉన్న ఇల్లు మాది. కరెంటు అంటే నాకు ఎప్పుడూ టెన్షనే. "ఎంసీబీలు ఉన్నాయిగా" అనేవాళ్లు అందరూ. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే లైన్ ఆపేసే స్విచ్. అది కాపాడేది వైర్లని. మనిషి ప్రాణం తీసేంత కరెంటు దాని లెక్కలోకే రాదు. అందుకే కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, పెట్టించాం. ఇంటి భద్రత కోసం చేసిన ఖర్చుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

ఫేజ్ వైర్లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ వైర్లో తిరిగి వస్తోందా లేదా అని చూడటమే దీని పని. తేడా వచ్చిందంటే ఎక్కడో భూమిలోకి పోతోందన్నమాట, ఒక్కోసారి మనిషి ఒంట్లోంచి. 30 మిల్లీ యాంపియర్లంటే 60 వాట్ల బల్బు తీసుకునే దాంట్లో సుమారు తొమ్మిదో వంతు. ఆ కాస్త తేడాకే, సెకనులో మూడో వంతు గడిచేలోపే లైన్ కట్ చేసేస్తుంది.

పెట్టించిన కొత్తలో మాటిమాటికీ ట్రిప్ అయ్యేది. "ఇది బాలేదు, తీసేద్దాం మేడమ్" అన్నాడు ఎలక్ట్రీషియన్. నేను ఒప్పుకోలేదు. ప్లగ్గులన్నీ పీకించి, ఒక్కొక్కటే పెట్టించి చూశాను. స్విచ్ ఆపితే చాలదు, న్యూట్రల్ కలిసే ఉంటుంది కాబట్టి ప్లగ్ పీకాల్సిందే. చివరికి దొరికింది గీజర్. లోపల ఎలిమెంట్ తొడుగు చిట్లి నీళ్లు చేరాయి. బాబుకి స్నానం చేయించేది ఆ నీళ్లతోనే! ఎర్త్ బాగుండబట్టి సరిపోయింది. ఎలిమెంట్ మార్చాక ట్రిప్ అవడం ఆగిపోయింది.

నచ్చనిదీ ఉంది. ఇల్లంతటికీ ఒక్కటే పెడితే, ఒక్క వస్తువులో లీకేజీ వచ్చినా ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆగిపోతాయి. రాత్రిపూట పెద్దవాళ్లకి ఆ చీకటి ఇంకో ప్రమాదం. వీలుంటే బాత్రూమ్, వంటింటి లైన్లకు విడివిడిగా ఆర్‌సీబీవోలు పెట్టించుకోండి. అందులో ఎంసీబీ పని కూడా కలిసే ఉంటుంది. ఆర్‌సీసీబీకైతే ఎంసీబీ వేరే ఉండాలి.

ఇంకో మాట. ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ ఒకేసారి ముట్టుకుని, కరెంటు భూమిలోకి పోకపోతే దీనికి తెలియదు. బాబు వేళ్లు పెట్టకుండా సాకెట్లకు మూతలు పెట్టాల్సిందే, పెట్టాం కూడా.

ఆర్‌సీసీబీ మీద 'టీ' (టెస్ట్) అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కుతాను. టక్కున లివర్ కిందికి పడాలి. పడకపోతే వెంటనే మార్పించాలి.

కొనేటప్పుడు 30 అని రాసి ఉందో లేదో మీరే చూసుకోండి. 100, 300వి కూడా దొరుకుతాయి గానీ మనిషిని షాక్ నుంచి కాపాడటానికి అవి పనికిరావు. వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ ఏసీ ఉంటే 'టైప్ ఏ' అడగండి, అలాంటి ఎలక్ట్రానిక్ వస్తువుల నుంచి వచ్చే లీకేజీని కూడా పట్టే రకం అది.