డ్రాగ్ కింగ్ మేకప్ సామాను: మీసం, గడ్డం, జిగురు, ఛాతీ కట్టు

డ్రాగ్ కింగ్ అంటే వేదిక మీద ఆడిపాడటానికి కట్టే మగవేషం. దాన్ని కొత్తగా కట్టేవాళ్లలో చాలామంది ముందు కొనేది రెడీమేడ్ మీసాల ప్యాకెట్. అది డబ్బు దండగ. వెనక మందపాటి గుడ్డ, దాని మీద పలచటి జిగురు పొర, అంతే. కదలకుండా ఫొటో దిగడానికి సరిపోతుంది గానీ, పాటకు పెదవులు కలపడం మొదలుపెడితే మొదటి చరణం అయ్యేలోపే మూలలు లేస్తాయి. దానికి ఇంకొంత డబ్బు కలిపి మంచి జిగురు, దాన్ని వదిలించే రిమూవర్, ఒక క్రేప్ హెయిర్ (ఉన్ని వెంట్రుకల) జడ విడివిడిగా కొనుక్కుంటే చాలా వేషాలకు వస్తాయి.

ఇక్కడ చెప్పేదంతా స్టేజి కోసం. లైట్ల వేడిలో, చెమటలో, నోరు పెద్దగా తెరిచి ఆడే మనిషి ముఖాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది. కింగ్‌గా ఆడేవాళ్లు ఆడవాళ్లు కావచ్చు, ట్రాన్స్ పురుషులు కావచ్చు, ఆడా మగా అనే లెక్కకు లొంగనివాళ్లూ కావచ్చు. చర్మం మీద జిగురు చేసే పని మాత్రం అందరికీ ఒకటే.

వెంట్రుకలు అతికించడానికి ముందు, అసలు అవి అవసరమా అని చూసుకోవాలి. ఇంగ్లండులో మ్యూజిక్ హాల్ అనే పాటల, హాస్యాల వినోద ప్రదర్శనలు నడిచిన రోజుల్లో వెస్టా టిల్లీ మగవేషంతో అంత పేరు తెచ్చుకున్నది గడ్డాలు పెట్టి కాదు. ఒంటికి అచ్చంగా కుదిరిన సూటు, నున్నటి ముఖం, ఆ నడక. 1920లో రంగస్థలం వదిలేదాకా ఆమె బలం అదే. న్యూయార్క్‌లో ముర్రే హిల్ అనే డ్రాగ్ కింగ్ 1990ల నుంచి పెన్సిల్‌తో గీసినట్టుండే సన్న మీసంతోనే జనాన్ని నవ్విస్తూ వస్తున్నాడు. కాబట్టి పాత్రకు రెండు రోజుల గడ్డం సరిపోతుందనుకుంటే జిగురు జోలికి వెళ్లనక్కర్లేదు, రంగుతో పని అయిపోతుంది.

రంగు గడ్డానికి కావాల్సింది స్టిపుల్ స్పాంజి. పెద్ద పెద్ద రంధ్రాలతో గరుకుగా ఉంటుంది. బెన్ నై, మెహ్రాన్, క్రయోలాన్ అనే మేకప్ కంపెనీలు మూడూ అమ్ముతాయి, స్పాంజిలో పెద్ద తేడా లేదు, ఏది దొరికితే అది తీసుకోండి. క్రీములా ఉండే మేకప్ రంగులో స్పాంజిని తాకించి, ముందు చేతి వెనక భాగం మీద అద్ది ఎక్కువైన రంగు వదిలించాలి. తర్వాత పై పెదవి, చుబుకం, దవడ అంచు మీద నిలువుగా అద్దుతూ పోవాలి. రుద్దితే చుక్కలు పోయి మసి పూసినట్టు అవుతుంది. ప్రతిసారీ స్పాంజిని కాస్త తిప్పి పట్టుకోవాలి, లేకపోతే ఒకే చుక్కల ముద్ర వరసగా పడి ముందు వరసలో వాళ్లకు కనబడిపోతుంది. చివర పౌడర్ అద్దితే రంగు కదలదు.

మన చర్మానికి ఒక జాగ్రత్త తప్పనిసరి. పాశ్చాత్య వీడియోల్లో గడ్డం నీడకు నీలం కలిసిన బూడిద రంగు వేయమంటారు. తెల్ల చర్మం కింద మొలిచే నల్ల వెంట్రుక అలాగే కనిపిస్తుంది కాబట్టి అది వాళ్లకు సరైనదే. చామనఛాయ మీద అదే రంగు వేస్తే విభూతి రాసినట్టు తేలుతుంది. ముదురు గోధుమ రంగు రెండు పాళ్లు, నలుపు ఒక పాలు కలిపి అద్దితే మన ముఖాల మీద నిజంగా మొలిచినట్టు ఉంటుంది. అచ్చం నలుపు ఒక్కటే వాడితే దూరానికి అతుకులా కనిపిస్తుంది. ఇంకో చవక ఉపాయం: పై పెదవి మీద, చెవుల ముందు సహజంగా ఉండే నూగుకే మస్కారా బ్రష్‌ను దాదాపు ఆరేదాకా తుడిచి, వెంట్రుకల మొనలకు మాత్రమే తగిలేలా రాయండి. చెంపల దగ్గర దీన్ని మించింది లేదు.

ఇక జిగురు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. ఖరీదైన వెంట్రుకలు కొని నాసిరకం జిగురుతో అతికించిన గడ్డం కన్నా, మామూలు ఉన్ని వెంట్రుకలను మంచి జిగురుతో అతికించిన గడ్డం ఎప్పుడూ మేలు.

స్పిరిట్ గమ్ మన పద్యనాటకాల్లో, సినిమా మేకప్‌లో ఏళ్లుగా వాడుతున్నదే. బంక లాంటి రెజిన్‌ను ఆల్కహాల్‌లో కరిగించి చేస్తారు. రాసిన వెంటనే వెంట్రుకలు పెట్టడం అందరూ చేసే పొరపాటు. పలచగా రాసి, వేలి కొసతో టపటపా తట్టుతూ ఉండాలి. ఆల్కహాల్ ఆవిరయ్యేకొద్దీ వేలు లాగినట్టు అంటుకుంటుంది. ఆ జిగట తెలిశాకే వెంట్రుకలు పెట్టి, తడి గుడ్డతో నొక్కిపట్టాలి. తట్టకుండా పెడితే వెంట్రుకలు జిగురులో మునిగి ముద్దవుతాయి. దీని బలం వేగం, చవక, తేలికగా దొరకడం. బలహీనతలు రెండు. ఒకటి మెరుపు: వెంట్రుకల సందుల్లోంచి జిగురు తళతళలాడుతుంది. క్రయోలాన్ మ్యాట్ రకం తీసుకుంటే ఇది చాలావరకు తగ్గుతుంది. రెండోది చెమట: ముక్కు కింద చెమ్మ చేరితే పట్టు వదులుతుంది, కొన్నిసార్లు తెల్లగా పొట్టు కట్టినట్టు తేలుతుంది. విజయవాడ ఎండాకాలంలోనో విశాఖ ఉక్కపోతలోనో ఏసీ లేని హాల్లో గంటసేపు ఆడాలంటే స్పిరిట్ గమ్‌ను నమ్ముకోకండి. మంట అంటుకునే ద్రవం కాబట్టి హారతి, అగరబత్తి, సిగరెట్ దగ్గర సీసా మూత తెరవకూడదు.

ప్రోస్-ఎయిడ్ వేరే జాతి. నీటి ఆధారంగా చేసిన యాక్రిలిక్ జిగురు. పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే పారదర్శకమవుతుంది. ఆ తెలుపు పూర్తిగా పోయేదాకా ఆగడమే దీనితో నేర్చుకోవాల్సిన ఓపిక. తెల్లగా ఉండగానే వెంట్రుకలు పెడితే కింది పొర ఆరదు, నోరు కదిపితే జారుతుంది. చిన్న ఫ్యాన్ గాలి తగలనిస్తే తొందరగా ఆరుతుంది. ఒక్కసారి పట్టిందంటే చెమటకు లొంగదు, మెరుపూ తక్కువే. ఆరిన తర్వాత కూడా జిగటగానే ఉంటుంది కాబట్టి, వెంట్రుకలు లేని చోట మిగిలిన జిగురు మీద పౌడర్ వేయకపోతే దుమ్ము, నూలుపోగులు అంటుకుంటాయి. బ్రష్‌ను తడిగా ఉండగానే నీళ్లలో కడిగేయాలి, ఎండితే ఆ బ్రష్ మళ్లీ పనికిరావడం కష్టం. స్పిరిట్ గమ్ కన్నా ఖరీదెక్కువ, చిన్న ఊళ్లలో దొరకదు, తెప్పించుకోవాల్సిందే. అయినా వేదిక మీద నిజంగా ఆడేవాళ్లకు మేం చెప్పేది ఇదే. కనుబొమల మీదికి మాత్రం పోనివ్వకండి, తీసేటప్పుడు వెంట్రుకలతో సహా వస్తుంది.

ఏ జిగురైనా ముందురోజు ముంజేతి లోపలివైపు ఒక చుక్క రాసి 24 గంటలు చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా దాన్ని ముఖానికి పెట్టొద్దు. జిగురు శుభ్రమైన, పొడి చర్మానికే పట్టుకుంటుంది. ఫౌండేషన్ మీద రాస్తే నూనె వల్ల ఊడుతుంది. కాబట్టి గడ్డం ముందు, మేకప్ తర్వాత.

వెంట్రుకల విషయానికొస్తే క్రేప్ హెయిర్ అంటే గొర్రె ఉన్ని, దారాల చుట్టూ బిగించి జడలా అల్లి అమ్ముతారు. దారం తెంపి జానెడు విప్పితే నిండు గడ్డానికి, మీసానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. విప్పగానే ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది, అలాగే పెడితే భాగవతంలో రాక్షసుడి గడ్డం అవుతుంది. తడిపి, సాగదీసి కట్టి రాత్రంతా ఆరనివ్వాలి, లేదా తడిగుడ్డ కింద ఇస్త్రీ పెట్టె ఆనించి ఆవిరి పట్టించాలి. పూర్తిగా నిటారుగా చేయొద్దు, కొంచెం వంపు మిగిలితేనే అసలు గడ్డంలా ఉంటుంది. ముదురు గోధుమ, నలుపు జడలు రెండూ కొని పోగులు కలిపి దువ్వండి.

అతికించే వరస కింద నుంచి పైకి. మొదట చుబుకం అడుగున, తర్వాత చుబుకం ముందు భాగం, తర్వాత దవడ వెంట చెవి దాకా. పైపొర వెంట్రుకలు కింది పొర మొదళ్లను కప్పాలి, తిరగేసి పెడితే ప్రతి పొర అంచూ కనిపిస్తుంది. ఒక్కో చిన్న పోగును వేళ్ల మధ్య పట్టుకుని కొస ఏటవాలుగా కత్తిరించి, ఆ కత్తిరించిన కొసను మాత్రమే జిగురులో గుచ్చినట్టు పెట్టాలి, పడుకోబెట్టకూడదు. చుబుకం మీద వెంట్రుక కిందికి, ముందుకు చూడాలి. చెంప మీద కిందికి, కాస్త వెనక్కి. అంతా అయ్యాక పెద్ద పళ్ల దువ్వెనతో మెల్లగా దువ్వితే సరిగా పట్టనివి ఊడొస్తాయి. అవి స్టేజి మీద కన్నా అద్దం ముందు రాలడమే మంచిది. కత్తెరతో కత్తిరింపు ఆఖరున.

మీసంలో అసలు పరీక్ష నోటి మూలలు. నవ్వినప్పుడు, స్వరం సాగదీసినప్పుడు అక్కడి చర్మం మడతపడుతుంది. మడతలో జిగురు నిలవదు. అందుకే మీసాన్ని రెండు ముక్కలుగా చేసి, ముక్కు కింద గాడిని పలచగా వదిలి, పెదవి మూల దగ్గర మూడు నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ ఉంచండి. ఆ ఖాళీని రంగుతో నింపితే ఎవరికీ తెలియదు. అతికించేటప్పుడు నోరు సగం తెరిచి ఉంచాలి. మూసి అతికిస్తే మొదటి అరుపుకే లాగుతుంది.

నెలకు రెండు మూడు ప్రదర్శనలు ఇచ్చేవాళ్లకు సన్నటి వల మీద ఒక్కో వెంట్రుకా ముడివేసి కుట్టిన లేస్ మీసం మంచి పెట్టుబడి. వెంట్రుకల అంచు నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు వల వదిలి కత్తిరించి, ఆ అంచుకే జిగురు పెట్టాలి. ప్రతిసారీ వలకు పట్టిన జిగురు కరిగించి కడిగితే ఏళ్లు నిలుస్తుంది. డ్రామా డ్రెస్సుల షాపుల్లో అద్దెకిచ్చే మీసాలు మాత్రం శుభ్రం చేయకుండా ముఖానికి పెట్టుకోకండి. అదే షాపుల్లో పద్యనాటకాలకు మేకప్ చేసే పెద్దాయన ఎవరైనా దొరికితే, ఒక సాయంత్రం పక్కన కూర్చుని చూడండి. పోగు పట్టే తీరు వీడియోలో కన్నా అక్కడే బాగా తెలుస్తుంది. మెరుపుల గడ్డం కావాలనుకుంటే కాస్మెటిక్ గ్లిటర్ మాత్రమే. స్టేషనరీ షాపు గ్లిటర్ కంట్లో పడితే గీసుకుపోతుంది.

ఛాతీ కట్టు విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. మందుల షాపులో దొరికే క్రేప్ బ్యాండేజీ చుట్టొద్దు, ప్యాకింగ్ టేపు అసలే వద్దు. బ్యాండేజీ ఊపిరి వదిలినప్పుడల్లా బిగుస్తుంది, తిరిగి సాగదు, పక్కటెముకల మీద భారం పడుతుంది. ఈ పనికే కుట్టిన బైండర్, అంటే ఛాతీని చదునుగా కనబడేలా నొక్కిపట్టే లోబనియను కొనండి. జీసీ2బీ లాంటి కంపెనీల బైండర్లు బిగువంతా ముందు భాగంలో ఉంచి, వెనక సాగే గుడ్డ వేస్తాయి. కొలత టేపుతో తీసుకుని సైజు చార్టు చూసి కొనాలి. ఇంకా చదునుగా కనబడాలని ఒక సైజు తగ్గించడం ప్రమాదం. ఎనిమిది గంటలు దాటించొద్దు, వేసుకుని నిద్రపోవద్దు, లోతుగా ఊపిరి తీసుకుని గట్టిగా దగ్గగలగాలి. తిమ్మిరి, నొప్పి వస్తే పాట మధ్యలోనైనా సరే విప్పేయాలి. 2017లో ఛాతీ కట్టుకునే 1,800 మంది అనుభవాలతో వచ్చిన అధ్యయనంలో 97 శాతం మంది ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. ఆ ఇబ్బందులతో అన్నిటికన్నా ఎక్కువగా ముడిపడింది వారంలో ఎన్ని రోజులు కట్టుకుంటున్నారన్నదే. రిహార్సల్స్‌కు స్పోర్ట్స్ బ్రా, ప్రదర్శన రోజుకే బైండర్ అనే పద్ధతి పెట్టుకుంటే శరీరానికి విశ్రాంతి దొరుకుతుంది.

చొక్కా గుండీలు విప్పి ఆడాలనుకుంటే ట్రాన్స్‌టేప్ లాంటి సాగే టేపు బాగుంటుంది, ఊపిరికి అడ్డం రాదు. లోషన్ లేని పొడి చర్మం మీద, చనుమొనలకు రక్షణగా మెత్తటి పొర పెట్టి, ముందు నుంచి చంకవైపుకు లాగి అతికించాలి. ఛాతీ చుట్టూ పూర్తిగా తిప్పకూడదు. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే చొక్కాకు తగిలి లేవవు. చెమట పట్టకముందే, కనీసం గంట ముందు పెట్టుకోవాలి. బరువైన ఛాతీ ఉన్నవాళ్లకు బైండర్ ఇచ్చినంత చదును ఇది ఇవ్వదు.

బట్టల్లో ఒక్కటే చెబుతాం: కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక దాటి ఒక వేలు బయటికి ఉండాలి, ప్యాంటు నడుము కిందికి, తుంటి మీద కూర్చోవాలి. న్యూయార్క్‌లో డయాన్ టోర్ అనే కళాకారిణి ఏళ్ల తరబడి నడిపిన మగవేషం వర్క్‌షాపుల్లో మీసం అతికించడంతో పని అయిపోయేది కాదు. నెమ్మదిగా నడవడం, కూర్చున్నచోట ఎక్కువ జాగా ఆక్రమించడం, ఊరికే నవ్వకుండా ఉండటం సాధన చేయించేవారు. పైన చెప్పిన సామాను అంతా పెట్టుకుని అద్దం ముందు అరగంట అదే చేయండి. గడ్డం ఎక్కడ లాగుతోందో, బైండర్ ఎక్కడ ఒరుసుకుంటోందో కూడా అప్పుడే బయటపడుతుంది.

వేషం తీసేటప్పుడు తొందరపడితే చర్మం ఊడొస్తుంది. స్పిరిట్ గమ్‌కు దాని రిమూవర్, ప్రోస్-ఎయిడ్‌కు దాని రిమూవర్. ఒకటి ఇంకోదానికి సరిగా పనిచేయదు. దూదితో అంచుకు అద్ది రెండు నిమిషాలు ఆగి, జిగురు తనంతట తాను వదిలాక వెంట్రుక పెరిగిన దిశలో మెల్లగా ఒలవాలి. టేపుకు మాత్రం కొబ్బరి నూనె బాగా పట్టించి నానబెడితే చాలు. ఆ తర్వాత గోరువెచ్చటి నీళ్లు, సబ్బు, మాయిశ్చరైజర్. మర్నాడు అదే చోట మళ్లీ జిగురు పెట్టాల్సి వస్తే ఆ రోజుకు స్పాంజి గడ్డంతో ఆడండి.